కట్టమంచి రామలింగారెడ్డిగారు – కూడివచ్చిన కళాశాలలు

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచినవారికి నాలుగు దిక్కులకును బస్సులు దొరకును. ఒక ప్రక్క ఏలూరు, ఒక ప్రక్క విజయవాడ, మరియొక ప్రక్క గుడివాడ, ఇంకొక ప్రక్క నూజివీడు. మా సంఘములో ఒక ఇంటి అక్కచెల్లెండ్రు ప్రతి ఉదయము కలిసి బయలుదేరి ఈ కూడలియొద్ద విడిపోయెడివారు. అక్క ఏలూరులో చదివినది, చెల్లెలు గుడివాడలో చదివినది. అక్క పట్టా మీద ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు ముద్ర ఉన్నది. చెల్లెలి పట్టా మీద కృష్ణా విశ్వవిద్యాలయపు ముద్ర ఉన్నది. గోడమీద అద్దము కట్టించి పెట్టిన తాతగారి పట్టా చూచితిమి. ఆయన బందరు నోబుల్ కళాశాలలో చదివినవాడు గాని ముద్ర మాత్రము ఆంధ్ర విశ్వవిద్యాలయముది. ఒకే ఇంట మూడు ముద్రలు!

ఈ ముద్రలు ఎందుకు మారుచుండును? కళాశాలలు ఒక గుంపునుండి మరియొక గుంపునకు పోవునప్పుడు ఏ కళాశాల ఏపాటి విలువ గలదని తూచువారెవరు? ఈ సంగతిని మేము ఈ మధ్య చాల తలపోసితిమి. అందుకు మా పాస్టరేటులో జరిగిన ఒక పని కారణము. దానిని ముందు చెప్పెదము. అట్లు తలపోయగా సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితము మా జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను మన మిషను కళాశాలలో చదివి, మన మిషను కళాశాలలను తన ఏలుబడిలోనికి చేర్చుకొని, అవి కూడుటయు కొన్ని విడిపోవుటయు కన్నులార చూచినవాడు గనుక, ఈ నెల ఆయననుగూర్చి వ్రాయుచున్నాము.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచి గ్రామములో జన్మించెను. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా యని వేరుగా 1911లో గాని ఏర్పడలేదు. హద్దులు గీయుట, చెరిపి మరల గీయుట ఆయన పుట్టిన ఊరికి క్రొత్త కాదన్నమాట. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు వకీలు. చిత్తూరులో చదువు ముగించుకొని కుమారుడు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరెను. స్కాట్లండు మిషనరీలు నడిపిన ఆ కళాశాలకు విలియం మిల్లరు దొరగారు అప్పుడు ప్రిన్సిపాలు.

అక్కడ చదువుచుండగానే ఆయన ముసలమ్మ మరణము అను కావ్యము వ్రాసెను. అనంతపురము దగ్గర బుక్కరాయసముద్రపు చెరువు కట్ట తెగబోవుచుండగా ఊరిని కాపాడుటకు ఒక ఇంటి కోడలు తన ప్రాణమిచ్చినదన్న పాతకథ అది. అట్టి బలిని మనము ఒప్పుకొనము. అయితే ఇరువది యేండ్ల విద్యార్థి రాజుల కథలను విడిచి, పేరు ప్రతిష్ఠలు లేని ఒక రైతు ఇంటి కోడలి కథను ఎన్నుకొనుట మేము గమనించితిమి. ఊరి పెద్దలందరు కట్టమీద నిలిచి చేయలేని పని, లెక్కలోనికి రానిది ఒకతె చేసినది.

తరువాత ఆయన సర్కారు వేతనము పొంది ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో సెంట్ జాన్సు కళాశాలలో చరిత్ర చదివి మొదటి తరగతిలో నెగ్గెను. అక్కడి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షుడుగా కూడ ఎన్నికయ్యెను. తిరిగి వచ్చి కొంతకాలము బరోడాలో, అటుపిమ్మట మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసి, ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు ఆయన అక్కడనే ఉండెను. స్వదేశ సంస్థానములో ఒక విశ్వవిద్యాలయము పుట్టుట దగ్గరనుండి చూచిన అనుభవము తరువాత పదియేండ్లకు పనికివచ్చెను. ఆ నడుమనే, 1914లో, కవిత్వతత్త్వ విచారము అను విమర్శన గ్రంథము వెలువడెను. తెలుగు పండితులలో అది రేపిన కలకలము చాల కాలము అణగలేదు.

మైసూరులో ఆయన చేసిన ఒక పనిని మన సంఘములవారు మరువరాదు. సంస్థానపు విద్యాశాఖకు అధిపతిగా ఉన్నప్పుడు, పంచముల పిల్లలను తక్కిన పిల్లలతోకూడ సర్కారు బడులలో కూర్చుండబెట్టవలెనన్న పక్షమున ఆయన నిలిచెను. ఆ పని ఎంత కష్టమో మన తాతలు, ముత్తాతలు ఎరుగుదురు. అరుగు దిగి దూరముగా కూర్చుండి పాఠము విన్నవారి సంతతియే గదా మనలో అనేకులు.

1921లో ఆ ఉద్యోగము మాని ఆయన మద్రాసు రాజకీయములలో దిగెను. శాసనసభలో జస్టిసు పార్టీతో ఉండి, దానితో పొసగక విడిపోయి, 1923లో పానగల్లు రాజావారి మంత్రివర్గముమీద అవిశ్వాస తీర్మానము తెచ్చినవారిలో ముఖ్యుడయ్యెను. ఆ తీర్మానము ఓడిపోయెను. ఆయన నాలుక పదునైనది. స్నేహితులకు కూడ దాని గాటు తగులుచుండెను. రాజకీయములలో ఆయన కట్టిన గూడు ఏదియు ఎక్కువ కాలము నిలువలేదు. అందుచేత ఈ భాగమును ఇంతటితో విడిచెదము.

ఇక విశ్వవిద్యాలయపు సంగతి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటినుండి తెలుగువారు తమకొక విశ్వవిద్యాలయము కావలెనని అడుగుచునే యుండిరి. అప్పటివరకు మన కళాశాలలన్నియు 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందినవి. విద్యామంత్రిగా నుండిన ఎ.పి. పాత్రోగారు బిల్లు తెచ్చిరి. 1926 ఏప్రిల్ 26వ తేదీన బెజవాడ ముఖ్యస్థానముగా ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రారంభమాయెను. రామలింగారెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలరు.

ఆ దినమున ఆయన చేతికి వచ్చినదేమి? సొంత భవనము లేదు. సొంత తరగతి గది లేదు. సొంత విద్యార్థి ఒక్కడును లేడు. అనుబంధ పద్ధతిని ఏర్పడిన విశ్వవిద్యాలయము పాఠము చెప్పదు. పాఠ్యక్రమము నిర్ణయించును, కళాశాలలను తనిఖీ చేయును, పరీక్ష పెట్టును, పట్టా ఇచ్చును. పాఠము చెప్పునది కళాశాల. పిల్లలను పంపునది, పరీక్ష రుసుము కట్టించునది కళాశాల. పట్టా మీద ముద్ర వేయు హక్కు ఒక్కటి తీసివేసినచో ఆ విశ్వవిద్యాలయమునకు ఆస్తి యనదగినది దానిలో చేరిన కళాశాలలే. బరంపురమునుండి అనంతపురము వరకు చెదరియున్న కళాశాలలు మద్రాసు గుంపును విడిచి బెజవాడ గుంపునకు వచ్చెను. వచ్చినవానిలో ఇంటర్మీడియటు వరకే చెప్పు రెండవ తరగతి కళాశాలలున్నవి, బి.ఏ. వరకు చెప్పు మొదటి తరగతి కళాశాలలున్నవి. రాజులు పెట్టినవి, సర్కారు పెట్టినది, మిషనులు పెట్టినవి యున్నవి.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పవలసియున్నది. బందరులో రాబర్టు నోబుల్ దొరగారు 1843లో కొద్దిమంది పిల్లలతో తెరచిన బడియే నోబుల్ కళాశాల యైనది. అనగా అది మద్రాసు విశ్వవిద్యాలయము కంటె పదునాలుగేండ్లు పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయము కంటె ఎనుబది మూడేండ్లు పెద్దది. గుంటూరులో లూథరన్ మిషనువారి కళాశాల 1885 నాటిది. బిడ్డ తల్లికంటె పెద్దదైన చోద్యము ఇది! ముద్ర వేయువారు తరువాత వచ్చిరి, చదువు చెప్పువారు ముందే యుండిరి. కళాశాల విలువను విశ్వవిద్యాలయము ఇచ్చినదని మనము అనుకొందుము గాని, ఆ దినములలో విశ్వవిద్యాలయమునకే ఈ పాత కళాశాలలు విలువ తెచ్చిపెట్టెను.

అయితే కూడిరాగానే పోరు మొదలాయెను. కేంద్రము ఎక్కడ ఉండవలెను? బెజవాడవారు మా ఊరు రైలు మార్గములన్నిటికి కూడలి యనిరి. రాజమహేంద్రవరమువారు తమ విద్వత్తును, గోదావరిని చూపిరి. విశాఖపట్నమువారు సముద్రపు గాలిని, కొండవాలున ఖాళీ భూమిని చూపిరి. దత్తమండలములవారు అనంతపురము కావలెననిరి. కోస్తావారు తమను తోకగా చూచెదరని వారి భయము. మేము ఈ జిల్లావారమే గనుక బెజవాడ వాదన మాకు ఇంపుగనే యుండును. అయినను నాటి సంగతులు చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. ఏ ఊరికి ఏమి దొరకును అను లెక్కయే గాని, మిక్కిలి దూరమున నున్న కళాశాలకు ఏమి కావలెనని అడిగినవారు తక్కువ.

1929లో చట్టము సవరించిరి. కేంద్రము వాల్తేరని తేలెను. దత్తమండలముల కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయమును విడిచి మరల మద్రాసు గుంపునకు పోయెను. రాయలసీమ బిడ్డ వైస్ ఛాన్సలరు కుర్చీలో కూర్చుండియుండగానే రాయలసీమ కళాశాలలు లేచి వెళ్లెను. 1930 సెప్టెంబరులో కార్యాలయము బెజవాడనుండి వాల్తేరునకు కదలెను. నాలుగేండ్లు నిండకమునుపే ఒక చేయి తెగిపోయెను.

అమెరికాలో చదువుచున్న మా సంఘపు యువకుడు సెలవులకు వచ్చినప్పుడు ఇటువంటిదే ఒక సంగతి చెప్పెను. అక్కడి కళాశాలలు బాస్కెట్ బాల్, ఫుట్ బాల్ మొదలైన ఆటలకొరకు గుంపులుగా చేరునట. బాస్కెట్ బాల్‌ను 1891లో కల్పించిన జేమ్సు నెయిస్మిత్ దొరగారు వేదశాస్త్రము చదివినవాడు, వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో ఉపాధ్యాయుడు, చలికాలమున పిల్లలు గదిలో ఆడుకొనుటకు ఆయన ఆ ఆట ఏర్పరచెను. ఇప్పుడు ఆ ఆటలను టెలివిజనులో చూపుటకు కంపెనీలు ఇచ్చు ధనము మితిమీరినది. ఏ కళాశాల ఎంతమంది చూపరులను తెచ్చునో దానినిబట్టి దాని విలువ కట్టుదురు. పసిఫిక్ తీరమున నూరేండ్లకు పైబడిన గుంపులో పండ్రెండు కళాశాలలుండగా, 2024లో పది వెళ్లిపోయి, రెండే మిగిలెను. ఇది వినగానే మాకు రెహబాము జ్ఞాపకమునకు వచ్చెను. పండ్రెండు గోత్రములలో పది విడిపోయి, యూదాయు బెన్యామీనును మిగిలిన కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలియును. అక్కడ రాజు కాడి బరువు తగ్గింపననెను. ఇక్కడ ధనము పిలిచెను. దత్తమండలములవారు విడిపోయినది ధనమునకు కాదు, తమ మాట చెల్లదన్న భయముచేత. అందుచేత వారి కథ రెహబాము కథకే దగ్గర.

ఇప్పుడు మా పాస్టరేటు సంగతి. మా గ్రామ సంఘములను రెండు పాస్టరేటులుగా విభజింపవలెనని నిర్ణయము కాగా, ఏ సంఘము ఎటు పోవలెనో తేల్చుటకు ఒక పట్టిక కావలసివచ్చెను. ఆ పట్టికను మేమే వ్రాసితిమి. సంవత్సరపు కానుకలెంత, కోత పండుగలో వచ్చిన ధాన్యమెంత, సభ్యులెందరు అని గడులు గీసితిమి. కాలువ అవతల పదునేడిండ్ల పల్లె ఒకటి ఉన్నది. అది పట్టికలో అడుగున నిలిచెను. సభలో ఇటువారు దానిని అటు తోసిరి, అటువారు ఇటు తోసిరి. ఆ పల్లె పెద్ద వెనుక బల్లమీద కూర్చుండి అంతయు వినెను. ఒక్కమాట పలుకక లేచి వెళ్లెను. ఇంటికి వచ్చి పట్టికను మరల చూచితిమి. మా ఆదివారపు బడిలో పాఠము చెప్పు నలుగురిలో ఇద్దరు ఆ పల్లె ఆడపడుచులే. దానికి మేము గడి గీయలేదు.

రామలింగారెడ్డిగారు ఈ విషయములో ఏమి చేసెనని మేము వెదకితిమి. ఆయనను పూర్తిగా మెచ్చుకొనలేము. అనుబంధ కళాశాలలకు పరీక్షలు పెట్టుటతోనే తృప్తిపడక, విశ్వవిద్యాలయము తానే పై చదువులు చెప్పవలెను, పరిశోధన చేయవలెను అని ఆయన పట్టుదల. అది గొప్ప ఆశయమే. దానికొరకు జయపురము మహారాజావారి వంశమునుండి ఏటేటా లక్ష రూపాయల దానము లభించెను. శాస్త్ర సాంకేతిక కళాశాలకు విక్రమదేవ వర్మగారి పేరు పెట్టిరి. సర్ సి.వి. రామన్‌గారి సలహాయు తోడయ్యెను. కాని చూపు వాల్తేరు కొండమీద నిలిచినకొలది, పల్లపు జిల్లాల చిన్న కళాశాలలు వెనుకబల్లకు పోయెనని మా అభిప్రాయము. గొప్ప కేంద్రము కట్టువారందరికి ఈ చిక్కు వచ్చును.

అయినను ఒక గుణము ఆయనలో ఉండెను: కుర్చీని పట్టుకొని వ్రేలాడువాడు కాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహపు దినములలో సర్కారువారు జనులను లాఠీలతో కొట్టించుచుండగా, దానికి నిరసనగా వైస్ ఛాన్సలరు పదవికి రాజీనామా ఇచ్చెను. తాను కన్న బిడ్డవంటి సంస్థను, కేంద్రము స్థిరపడిన ఏటనే విడిచెను. 1931నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పని చూచిరి. 1936లో రామలింగారెడ్డిగారు మరల ఎన్నికై, 1949 వరకు నిలిచెను. మరుసటి యేడు 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులోని శ్రీబాగ్ అను ఇంట కూర్చుండి ఒడంబడిక వ్రాసికొన్నప్పుడు, వాల్తేరుతోపాటు అనంతపురములో కూడ విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెనని అందులో చేర్చిరి. ఎనిమిదేండ్ల క్రింద వినని మాట అది. మన దేశములో నీళ్లనుగూర్చి, రాజధానినిగూర్చి వ్రాసిన ఒప్పందములోనే కళాశాలల సంగతియు వ్రాయవలసివచ్చినదనగా, ఆ గాయము ఎంత లోతుగా దిగెనో చూడుడి.

పిమ్మట యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నముమీద జపానువారి బాంబులు పడెను. వాల్తేరు భవనములు సైన్యమునకు అవసరమాయెను. ఎంతో పోరాడి సంపాదించిన కేంద్రమును విడిచి విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలివచ్చి, యుద్ధకాలము అక్కడనే తలదాచుకొనెను. కేంద్రము మాకు కావలెనన్న పోటీలో గుంటూరు పేరు పెద్దగా వినబడలేదు. చోటు చూపినది మాత్రము గుంటూరే. కొండమీది పెద్దదానికి పల్లపు ఊరు ఇల్లు ఇచ్చెను. ఈ సంగతి చదివినప్పుడు కాలువ అవతలి పల్లె మా కన్నులకు కట్టెను. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు దిక్కులేనివారికి ఎవరి ఇండ్లు తెరచుకొన్నవో మన పెద్దలు ఎరుగుదురు. వారిలో కానుకల పట్టిక పైవరుసవారు ఎందరుండిరి?

1942లోనే ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయము ఏర్పడుటతో ఒరియా ప్రాంతపు కళాశాలలకు వేరు గూడు దొరికెను. ఒక ప్రక్క తరుగుచుండగా మరియొక ప్రక్క పెరుగుచుండెను. 1937లో మన బెజవాడలో కళాశాల వచ్చినది. 1945లో భీమవరములో ఒకటి, ఏలూరులో ఒకటి వచ్చినవి. ఏలూరువారు తమ కళాశాలకు ఆయన పేరే పెట్టుకొనిరి. సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల యని మన పిల్లలు ప్రతిదినము జంక్షన్‌లో బస్సు కండక్టరుకు చెప్పు పేరు ఆయనదే. ఎవరిదని అడిగినచో చెప్పగలవారు తక్కువ. మేము అడిగి చూచితిమి.

1949లో వాల్తేరు విడిచి ఆయన మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా వెళ్లెను. తాను ఉపాధ్యాయుడుగా మొదలుపెట్టిన చోటికే వృద్ధాప్యమున తిరిగివచ్చెను. వివాహము చేసికొనలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన, డెబ్బదియేండ్లు నిండినవాడై, మరణించెను. తరువాత మూడేండ్లకు, 1954లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. కట్టమంచికి దాపుననే రాయలసీమ కళాశాలలకు సొంత ఇల్లు దొరికెను. ఆయన దానిని చూడలేదు.

అటుపిమ్మట ఆయన కూర్చిన గుంపు ఇంకను విడివడెను. 1976లో గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయము ఏర్పడి మన కృష్ణా, గుంటూరు కళాశాలలను తీసికొనెను. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము, 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చినవి. నోబుల్ దొరగారు బడి తెరచిన ఊరికే విశ్వవిద్యాలయము నడిచివచ్చుటకు నూట అరువదియైదేండ్లు పట్టినది. ఇవి కోపముతో విడిపోయిన విడిపోకలు కావు. ఇల్లు నిండి వేరు కాపురము పెట్టిన అన్నదమ్ములవంటివి. 1929 నాటిది అట్టిది కాదు.

మా పాస్టరేటు సభ వచ్చే నెల మరల కూడును. పాత పట్టికను పెద్దలయెదుట చింపివేసితిమి. మొన్న శనివారము సైకిలుమీద కాలువ దాటి ఆ పదునేడిండ్ల పల్లెకు వెళ్లితిమి. ఎటు పోవలెనని మీరు కోరుదురో చెప్పుడని అడిగితిమి. వెనుకబల్లమీద కూర్చుండిన ఆ పెద్దాయన నులకమంచము వాల్చి మమ్మును కూర్చుండుమనెను. మజ్జిగ తెప్పించెను. ఆలోచించుకొని ఆదివారమునాడు చెప్పెదమనెను.